చేతిలోనా, చేతుల్లోనా

ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పి పింఛను పుచ్చుకున్నవాణ్ణి. "హైకోర్టులో ట్రాన్స్‌లేటరు ఉద్యోగానికి పోవాల్సిన మనిషి, బడిపంతులు ఎందుకయ్యారు సార్?" అని పాత శిష్యులు అడుగుతుంటారు. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఇంగ్లీషు భాషనే ప్రధానంగా తీసుకుని యూనివర్సిటీకి పోబోయే పిల్లలు ఇది చదువుతారని విన్నాను కాబట్టి ఈసారి తప్పించుకోకుండా చెబుతాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. నా ఇంగ్లీషు మీద నాకున్న గర్వం ఒక ఆడమనిషిని ఉరికంబం దాకా తీసుకుపోయింది. ఆ సంగతి.

మాది అరవదేశంలో, కె.వి.కుప్పం దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. ఇంట్లో తెలుగు, బళ్ళో అరవం, వేలూరు కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు మాట్లాడడమే గాని చదవడం, రాయడం మా ఇంట్లో ఎవరికీ రాదు. నేను తెలుగు అక్షరాలు దిద్దింది ఇరవై ఏళ్ళు దాటాకే.

ఇంటర్మీడియట్ ప్యాసయ్యాక మద్రాసు పోయి ఇంగ్లీషు ఆనర్సు చదవాలని నా పట్టుదల. ఆనర్సు తరగతులు అప్పుడప్పుడే పెట్టిన రోజులవి. ఇంట్లో ఒక ఏడాది ఆగమన్నారు. ఆ ఏడాది గుడియాత్తం తాలూకా కచ్చేరిలో తాత్కాలిక గుమస్తాగా చేరాను. అక్కడి సబ్ మేజిస్ట్రేటు అరవాయన. నిక్కచ్చి మనిషి, చెయ్యి తడపబోతే మండిపడేవాడు. తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు. హెడ్ గుమస్తా మనవాడే. మాట్లాడేది తెలుగు, రాసేది అరవం. నన్ను "అప్పా" అని పిలుస్తూ పనంతా ఓపిగ్గా నేర్పాడు.

మేజిస్ట్రేటుకు నా ఇంగ్లీషు నచ్చింది. "కుర్రవాడు నుడికారం తెలిసి రాస్తాడు" అని పైఅధికారులతో చెప్పాడట. అది విన్నాక నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇంగ్లీషు పత్రికల్లోనూ చరిత్ర పుస్తకాల్లోనూ కంటబడిన పలుకుబడులన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించుకునేవాణ్ణి. సందు దొరికితే చాలు, వాటిలో ఒకటి కచ్చేరి కాగితాల్లో ఇరికించేవాణ్ణి.

ఎండాకాలం చివర్లో నేతగాళ్ళ వీధి నుంచి ఒక కేసు వచ్చింది. ఒక వితంతువు, ఆమె అత్త, మరిది ఒకే ఇంట్లో ఉండేవారు. మరిదికి ఇరవై ఏళ్ళుంటాయి. ఆమె కాపురానికి వచ్చేనాటికి పాలపళ్ళు కూడా ఊడని పిల్లవాడు. వాణ్ణి పెంచింది ఆమే. వాడు మగ్గం వదిలేసి కోలారు బంగారు గనుల్లో పనికి పోతానన్నాడు. ఒకరోజు పొద్దున దాని గురించే వదినా మరుదులకు పెద్ద గొడవ జరిగింది. "గనికి పోయినావంటే నిన్ను చంపి నేను సస్తాను" అని ఆమె అరిచిన అరుపు వీధంతా విన్నది. మధ్యాహ్నానికి వాడు, నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంత పక్కన తల పగిలి చచ్చిపోయి ఉన్నాడు. గుంత అంచున రాతికి నెత్తురు, ఆమె చేతులకు నెత్తురు. అత్త ఆ పూట ఊళ్ళో లేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

పోలీసులు ఆమెను వాంగ్మూలం కోసం కచ్చేరికి తెచ్చారు. మేజిస్ట్రేటు నియమం ప్రకారం పోలీసులను బయటికి పంపి తలుపు వేయించాడు. లోపల ఆయన, హెడ్ గుమస్తా, నేను, ఆమె. ఆమెకు తెలుగు తప్ప సరిగా రాదు. గదిలో తెలుగు రాయగలిగిన చెయ్యి ఒక్కటీ లేదు. అందుకని ఆమె చెప్పింది నేను ఒక చిత్తు కాగితం మీద అరవ అక్షరాల్లో, వినబడింది వినబడినట్టు, గిలికాను. దాన్ని చూసి ఇంగ్లీషులో సాపు రాయాలి. ఆ సాపు ప్రతే రికార్డు.

"ఆ పొద్దు మీ ఇద్దరికీ గొడవ జరిగిందా?" అని మేజిస్ట్రేటు అడిగింది నేను తెలుగులో అడిగాను.

"జరిగింది సామీ."

"చంపుతానని అన్నావా?"

"అన్నాను. నా పాపిష్టి నోటితో అన్నాను."

"వాడు ఎట్లా చచ్చిపోయినాడు?"

ఆమె నేల మీద కూలబడి తల బాదుకుంది. ఏడుపులో మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. నా కలం పరిగెత్తింది. చివర ఒక్క మాట మాత్రం తేటగా అన్నది. "నా చేతుల్లోనే పోయినాడు సామీ."

అవతల శిస్తు లెక్కల జమాబందీ పని కాచుకుని ఉంది. "సారాంశం చాలు, త్వరగా" అన్నాడు మేజిస్ట్రేటు. నిజం చెప్పాలి. ఆమే చంపిందని నేను అప్పటికే నమ్మేశాను. కచ్చేరిలో అందరూ అదే అనుకుంటున్నారు. నాకు వినబడింది కూడా నేను నమ్మిందే. నోటుబుక్కులోని పలుకుబడి ఒకటి ఠక్కున గుర్తొచ్చింది. ఒక రాజు శత్రువుల చేతిలో హతమైన సంగతి చరిత్ర పుస్తకంలో ఆ మాటలతోనే ఉంది. ఇంగ్లీషులో రాశాను: హీ డైడ్ ఎట్ మై హ్యాండ్స్.

మేజిస్ట్రేటు చదివి, బాగుందన్నట్టు తల ఊపాడు.

రాసింది ముద్దాయికి చదివి వినిపించాలి. నేను కాగితం ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను గాని చూసి అనువదించలేదు. జ్ఞాపకం ఉన్న ఆమె మాటలే ఆమెకు తిప్పి చెప్పాను. "నీ చేతుల్లోనే పోయినాడని చెప్పినావు. సరేనా?"

"అవును సామీ. నా చేతుల్లోనే."

వేలిముద్ర పడింది. మేజిస్ట్రేటు, హెడ్ గుమస్తా, నేను, ముగ్గురం సంతకాలు చేశాం. నెల తిరిగేసరికి నేను మద్రాసులో ఆనర్సు క్లాసులో కూర్చుని ఉన్నాను.

అక్కడి చదువు నాకు కొత్త లోకం. మా ప్రొఫెసరు ముసలి దొర, ఇంగ్లీషు భాష చరిత్ర చెప్పేవాడు. వెయ్యేళ్ళ కింద ఇంగ్లీషుకు కూడా మన భాషల్లాగే విభక్తులుండేవనీ, అవి అరిగిపోయాక వాటి బరువంతా చిన్నచిన్న మాటల మీద పడిందనీ ఆయన చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాణ్ణి. ఇంతలో హెడ్ గుమస్తా దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఆ కేసు వేలూరు సెషన్సుకు పోయిందట, గురువారం విచారణట. "నువ్వు రాసిన కాయితమే కేసుకు ప్రాణం, పబ్లిక్ ప్రాసిక్యూటరు మెచ్చుకున్నాడు" అని రాశాడు. ఆ ఉత్తరం హాస్టల్లో నలుగురికీ చూపించుకున్నాను కూడా.

మంగళవారం క్లాసులో ప్రొఫెసరు నల్లబల్ల మీద 'హ్యాండ్' అన్న మాట రాశాడు. దాని ముందు ఇన్, ఆన్, బై, ఎట్ మార్చి మార్చి పెడుతూ ఒక్కొక్కటి అర్థాన్ని ఎంత దూరం లాక్కుపోతుందో చూపిస్తున్నాడు. 'ఎట్' దగ్గరికి వచ్చేసరికి, ఒక వాక్యం చెప్పమని నా వైపు వేలు చూపించాడు. నేను లేచి ధీమాగా చెప్పాను. "హీ డైడ్ ఎట్ మై హ్యాండ్స్."

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "ఆ మాట పోలీసువాడి ముందు మాత్రం అనకు నాయనా. నువ్వే చంపావని దానర్థం. ఇంకో అర్థం దానికి లేదు. చనిపోతున్నవాణ్ణి పట్టుకుని కూర్చున్నావనుకో, అప్పుడు ఇంగ్లీషువాడు చేతుల ఊసే ఎత్తడు. ఇన్ మై ఆర్మ్స్ అంటాడు."

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం మా అవ్వ గొంతు వినబడింది. మా తాత పోయిన సంగతి ఎవరు అడిగినా ఆమె ఒకే మాట అనేది. "నా చేతుల్లోనే పోయినాడు నాయనా." మా తాతను మా అవ్వ చంపలేదు.

నేను కూర్చోవడం మరిచిపోయానని పక్కవాడు చొక్కా పట్టి లాగాడు.

బుధవారం పొద్దున రైలెక్కి మధ్యాహ్నం దాటాక గుడియాత్తంలో దిగాను. జట్కా చేసుకుని నేరుగా కచ్చేరికి పోయాను. మేజిస్ట్రేటు పల్లెలకు తనిఖీకి పోయి ఉన్నాడు. హెడ్ గుమస్తా నన్ను చూసి సంబరపడ్డాడు.

"ఏమప్పా, అప్పుడే లీవా? బాగుండావా?"

వచ్చిన పని చెప్పాను. ఆయన బంట్రోతును కాఫీ తెమ్మని బయటికి పంపి, నా దగ్గరికి జరిగాడు.

"ఇంకెవురికైనా చెప్పినావా?"

"లేదు."

"చెప్పొద్దు. ఆ కాయితంలో అయ్యగారి సంతకం ఉండాది, నీ సంతకం ఉండాది, నా సంతకం ఉండాది. నీది పీకితే మూడూ ఊడి వస్తాయి. నాకు పింఛనుకు పద్నాలుగు నెలలుండాదప్పా. నిన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టింది నేను."

"మీకు పద్నాలుగు నెలలుండాది. ఆయమ్మకు ఎన్ని దినాలుండాదో చెప్పండి."

ఆయన బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

"ఆ పొద్దు అరవంలో గిలికిన చిత్తు కాగితం యాడుండాది?" అన్నాను. నాకు అదొక్కటే ఆశ. నాలుగు నెలల కింది మాట నాకు గుర్తుందంటే కోర్టులో ఎవరు నమ్ముతారు?

"చిత్తు కాయితాలు యాడుంటాయి? ఎప్పుడో చించి పారేసి ఉంటాము." ఆ మాట అంటూ ఆయన బీరువా వైపు చూశాడు. చూసినట్టు నాకు తెలిసిందని ఆయనకూ తెలిసింది. లేచి బీరువాకు తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు. "పో నాయనా. పోయి చదువుకో. అది చంపిందో చంపలేదో నీకు తెల్దు, నాకూ తెల్దు."

అది నిజమే. నాకు తెలియదు. వేలూరు పక్కన సత్తువాచారిలో మా మేనమామ ఇంటికి చేరేదాకా ఆ మాటే నన్ను తిన్నది. చంపిన మనిషిని నేను విడిపించబోతున్నానా? కానీ చంపిందా లేదా అన్నది తేల్చాల్సింది నేను కాదు. ఆమె ఏమి అన్నదో చెప్పడం మటుకే నా పని. ఆ ఒక్క పనీ నేను చెయ్యలేదు.

గురువారం కోర్టు మొదలయ్యే ముందు ఆమె తరఫు వకీలును పట్టుకున్నాను. కోర్టువారే ఏర్పాటు చేసిన కుర్ర వకీలు. నేను చెప్పింది విని, "సాక్షిగా నిలబడతారా? ప్రాసిక్యూటరు మిమ్మల్ని నమిలేస్తాడు. తప్పుడు రికార్డు చేశారని మీ మీదే కేసు రావచ్చు" అన్నాడు. నిలబడతానన్నాను.

జడ్జి దొర పొడుగ్గా, ఎండకు కమిలిన ముఖంతో ఉన్నాడు. బోనులో ఆమెను చూశాను. మనిషి సగమైంది. నన్ను గుర్తుపట్టి చేతులు జోడించింది. ఆ పొద్దు కచ్చేరిలో తనతో తెలుగులో మాట్లాడిన ఒకే ఒక్కడిని నేను. అందుకు దండం పెట్టింది.

నేను చెప్పాల్సింది చెప్పాను. ప్రాసిక్యూటరు లేచాడు. ఆయన కూడా తెలుగు ఇంటి మనిషే.

"రావణుడు రాముడి చేతిలో చచ్చాడు అంటాం కదా? రాముడు రావణుణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడా?"

కోర్టులో నవ్వులు.

"చేతిలో చావడం వేరండీ, చేతుల్లో పోవడం వేరు. చంపినప్పుడు మనవాళ్ళు ఒక్క చెయ్యే చెబుతారు. పోయినాడని అనరు, చచ్చినాడంటారు."

"ఆమె 'చేతిలో' అనలేదు, 'చేతుల్లో' అన్నదని నాలుగు నెలల తర్వాత నీకు గుర్తుందా?"

"గుర్తుంది."

"అప్పుడు లేని తెలివి మద్రాసు పోయాక వచ్చిందా?"

"అవునండీ."

"రాసింది ఆమెకు చదివి వినిపించానని కింద సంతకం చేశావు. వినిపించావా?"

ఇదే వస్తుందని పొద్దుటినుంచి భయపడుతున్నాను. "కాగితంలో ఉన్నది వినిపించలేదు. ఆమె మాటలే ఆమెకు తిరిగి చెప్పాను. ఆ సంతకం తప్పు."

నవ్వులు ఆగిపోయాయి. జడ్జి కలం కింద పెట్టి నన్ను చూశాడు. ఆ చూపు ఇప్పటికీ మరవలేదు. "అంటే, నువ్వు అప్పుడు అబద్ధమైనా చెప్పావు, ఇప్పుడైనా చెబుతున్నావు. నేను దేన్ని నమ్మాలి?"

చిత్తు కాగితం ఒకటి ఉండేదని చెప్పాను. వాంగ్మూలానికి సాక్షిగా హెడ్ గుమస్తాను అంతకుముందే పిలిపించి ఉన్నారు. జడ్జి ఆయన్ను లేపి, తాలూకా ఫైల్లో అలాంటి కాగితం ఉందా అని అడిగించాడు.

ఆయన ఫైలు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. "లేదు" అనే ఒక్క మాట చాలు. నన్ను చూడలేదు. బోనులో ఉన్న మనిషిని చూశాడు. జడ్జి మళ్ళీ అడిగించాడు.

"ఉండాది దొరా," అన్నాడు. ఫైలు తాడు విప్పి, అడుగునుంచి ఒక మడత కాగితం తీశాడు.

కోర్టు ఇంటర్‌ప్రెటరు దాన్ని అందుకున్నాడు. అరవ అక్షరాల్లో ఉన్న తెలుగును ఒక్కొక్క ముక్కా కూడబలుక్కుంటూ చదివాడు. "దబ్బుమని... ఇనబడె... పెరట్లోనుంచి పరిగెత్తి... తల ఒళ్ళో పెట్టుకొంటిని... నా చేతుల్లోనే పోయినాడు..."

'చేతుల్లో' ఒక్కటే నాకు గుర్తుంది. దబ్బుమన్న చప్పుడు, పెరడు, ఒడి, ఇవన్నీ నా చేత్తోనే రాసి నేనే మరిచిపోయాను. ఏడుపులో కొట్టుకుపోయే మాటలని సారాంశంలో వదిలేశాను.

బోనులోనుంచి ఆమె కేక వేసింది. "అదే సామీ! అదే నేను చెప్పింది!"

ఆ సాయంత్రమే ఆమెను విడిచిపెట్టారు. వాడు మగ్గం పైనున్న అటక మీది నుంచి పడుగు కర్రలు దించబోయి జారి పడి ఉండవచ్చుననీ, కాదనడానికి నేను రాసిన ఇంగ్లీషు కాగితం తప్ప వేరే సాక్ష్యం లేదనీ, ఆ కాగితం చెల్లదనీ జడ్జి తీర్పు రాశాడు. అందులోనే నా గురించీ రాశాడు. ఈ యువకుణ్ణి ఇకమీదట ఏ కోర్టులోనూ భాషాంతరం పనికి తీసుకోరాదు. నా మీద కేసు పెట్టకపోవడం ఆయన దయ. హెడ్ గుమస్తా పింఛనుకు ఏ అడ్డూ రాలేదు గాని, ఆ పద్నాలుగు నెలలూ మేజిస్ట్రేటు ఆయన ముఖం చూసి మాట్లాడలేదట.

నేను మెట్ల కింద నిలబడి ఉంటే ఆమె వచ్చింది. తోడు ఎవరూ రాలేదు.

"నాయనా, నేను యాడ తప్పు చెప్తిని?"

"నువ్వు తప్పు చెప్పలేదమ్మా. నేను తప్పు రాసినాను."

"అట్లయితే నన్ను ఇంగోసారి అడిగి ఉంటే చెప్పేదాన్ని గదా."

తల వంచుకున్నాను. ఆమె వదల్లేదు. "దొరకు ఇంగ్లీషులో చెప్పినావు. నాకే అర్థం కాలే, మా వీధోళ్ళకు యాడ అర్థమవుతాది? దొర కనికరించి వదిలినాడంటారు గాని నేను చంపలేదని ఎవురూ అనరు. మా అత్త జైలుకు ఒక్కనాడు రాలేదు. నువ్వొచ్చి మా ఇంట్లో చెప్పు. తెలుగులో చెప్పు."

మరునాడు ఆమెతో గుడియాత్తం పోయాను. కోర్టు బోను కంటే ఆ వీధి కష్టమైంది. మేము నడుస్తుంటే మగ్గాల చప్పుడు ఇంటింటికీ ఆగిపోయింది. జనం గడపల్లోకి వచ్చారు. అత్త వాకిట్లో పడుగు నూలు చుట్టే ఆసు ముందు కూర్చుని ఉంది. కోడల్ని చూసి ముఖం తిప్పుకుంది.

నేను నిలబడి చెప్పాను. కోడలు ఏమన్నదో, నేను ఏమి రాశానో, ఆ రెంటికీ ఎంత తేడా ఉందో, చదవకుండా చదివినట్టు ఎట్లా నటించానో, అన్నీ చెప్పాను. ఇంగ్లీషులో రెండు మాటల్లో చెప్పగలిగింది తెలుగులో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎవరో వెనకనుంచి తిట్టారు. ఒకతను నా మీదికి వచ్చాడు. పక్కవాళ్ళు పట్టుకున్నారు.

అత్త మాత్రం కదల్లేదు. అంతా అయ్యాక, నన్ను చూడకుండా, కోడలి వైపు తిరిగింది.

"ఒళ్ళో పెట్టుకొంటివా?"

"పెట్టుకొంటిని అత్తా."

"అప్పుటికి పానముండెనా?"

"ఉండె."

"ఏమన్నా అన్నాడా?"

నాలుగు నెలల్లో పోలీసులు, మేజిస్ట్రేటు, వకీళ్ళు, జడ్జి, నేను, ఎవరమూ ఆమెను ఆ మాట అడగలేదు.

"నీళ్ళు కావాలన్నాడు. పక్కనే చెంబుండె. పోస్తిని. మింగలేదత్తా. నిన్ను పిలిచినాడు."

ముసలామె చెయ్యి చాచింది. కోడలు పోయి పక్కన కూర్చుంది. ఇద్దరూ గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టారు. నాలుగు నెలలు ఆలస్యంగా, ఆ ఇంట్లో చావు ఏడుపు. గడపల్లోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వాళ్ళ చుట్టూ చేరారు.

అక్కడ నాతో ఎవరికీ పని లేదు. చెప్పులు వేసుకుని స్టేషను దారి పట్టాను.